సున్నా రూపాయల నీడ

ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు నొచ్చుకుంటారు, చెప్పకపోతే పది ఊళ్లవాళ్లు మాదేనేమో అనుకుంటారు. రెండోదే నయం. కృష్ణ నీళ్లు తాగే ఊరు, మధ్యలోంచి కాలవ పారే ఊరు, మే నెల వచ్చిందంటే తారురోడ్డుకు చెప్పులు అంటుకుపోయే ఊరు అనుకోండి, చాలు.

ఆ ఊళ్లో ఒక బుధవారం ఉదయం డాక్టర్ భ్రమరాంబ తన ప్రయోగశాలలో కూర్చుని ఉండగా అక్క నాగరత్నం ఫోన్ చేసింది.

"ఒసే భ్రమరా, చెట్లకి ఎర్ర రంగు పూత్తన్నారే!"

"ఏ చెట్లకక్కా?"

"ఏ చెట్లకేంటే? మన గట్టు మీద చెట్లకి. నా బండి పక్కన దానిక్కూడా పూసేశారు. ఇదేంటయ్యా అనడిగితే, సోమారం కొట్టేత్తాం, రోడ్డు వెడల్పు చేత్తన్నాం, పైనించి కాయితం వచ్చింది అంటన్నారు. నువ్వు కనిపెట్టిన మిషనే చెప్పిందంట. అదేదో కాత్త కనుక్కోవే."

"పొరపాటు పడుంటారులే అక్కా, నేను చూస్తాను" అంది భ్రమరాంబ. నిజంగా పొరపాటనే అనుకుంది. ఎర్ర రంగు పూశారంటే ఆ చెట్టు విలువ రోజుకు ముప్పై రూపాయల లోపు ఉన్నట్టు లెక్క. ఆ గట్టు మీది నిద్రగన్నేరు చెట్లు ఎంతటివో ఆమెకు తెలిసినంతగా ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. వాటి కిందే పుట్టింది, వాటి కిందే పెరిగింది. అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయాక, పధ్నాలుగేళ్ల నాగరత్నం ఆ చెట్టు కింద ఇస్త్రీబండి పెట్టి, బొగ్గుల పెట్టెతో ఊరందరి చొక్కాల ముడతలు తీసి, చెల్లెలిని డాక్టరేటు దాకా చదివించింది. ఆ చెట్టే లేకపోతే నెత్తిన సూర్యుడు, చేతిలో నిప్పుల పెట్టె. ఒక్క వేసవి కూడా గడిచేది కాదు.

భ్రమరాంబ కనిపెట్టిన పరికరం బొటనవేలంత ఉంటుంది. బెరడులోకి దిగ్గొడితే, చెట్టు లోపల పైకి పాకే నీటి చప్పుడు విని, ఎంత నీరు తాగింది, ఎంత ఆవిరి వదిలింది, చుట్టూ ఎంత చల్లబరిచింది అన్నది నిమిషం నిమిషానికీ చెబుతుంది. శాస్త్రవేత్తలు దానికి పొడుగాటి పేరే పెట్టారు కానీ జనం మాత్రం చెట్టు నాడి అన్నారు. మొట్టమొదటిదాన్ని ఆరేళ్ల కిందట అక్క బండి పక్కనున్న చెట్టుకే కొట్టింది. తెర మీద అంకెలు పడ్డాయి. రోజుకు రెండు వందల ఎనభై లీటర్లు, నీడలో ఆరు డిగ్రీలు తక్కువ. "ఏవంటందే నా చెట్టు?" అని అడిగింది నాగరత్నం. "నువ్వు ఇస్త్రీ పెట్టె, అది మంచు పెట్టె అంటోందక్కా" అంటే పడీపడీ నవ్వింది.

ఆ అంకెలు పట్టుకుని నగరపాలక కార్యాలయానికి వెళితే అక్కడి పెద్దాయన కళ్లజోడు తీసి, "లీటర్లనీ డిగ్రీలనీ బడ్జెట్లో ఏ పద్దు కింద రాసుకోవాలమ్మా? రూపాయల్లో చెప్పండి" అన్నాడు. మాట సబబుగానే తోచింది. రూపాయల్లో చెప్పకపోతే చెట్టు ఎప్పటికీ అడ్డమేగానీ ఆస్తి కాదు. పదిహేను రోజులు తల బద్దలు కొట్టుకుని ఒక సూత్రం రాసింది. చెట్టుకు ముప్పై మీటర్ల లోపు ఉన్న ఇళ్లలో ఏసీలు ఎంత కరెంటు తక్కువ తాగుతున్నాయో అదే ఆ చెట్టు సంపాదన. కరెంటు మీటర్లు ఎలాగూ ఉన్నాయి, నాడి పరికరాలు ఉన్నాయి, రెండింటినీ కలిపితే చాలు. ఎవరూ కాదనలేని లెక్క. ఊరంతా మెచ్చుకుంది. మూడు లక్షల చెట్లు బడ్జెట్లోకి ఎక్కాయి. పెద్ద కాలనీలలో ఒక్కో వేప రోజుకు నూటయాభై సంపాదించిందని పేపర్లు రాశాయి. ఇన్నేళ్లలో ఎన్నో చెట్లు గొడ్డలి వేటు తప్పించుకున్నాయి కూడా. అందులో అబద్ధమేమీ లేదు.

బుధవారం ఆమె తెర తెరిచి, కాలవ పడమటి గట్టు మీది నలభై ఒక్క చెట్ల వరస చూసింది. నీళ్లు మామూలుగానే తాగుతున్నాయి. చల్లదనం మామూలుగానే ఇస్తున్నాయి. విలువ గడిలో మాత్రం సున్నా, సున్నా, సున్నా, చివరిదాకా సున్నా.

పరికరాలు చెడిపోయాయేమోనని ఒక్క క్షణం ఆశపడింది. అంతలోనే అర్థమైంది. గట్టు మీద రేకుల ఇళ్లు. ఏ ఇంట్లోనూ ఏసీ లేదు. ఏసీ లేనిచోట చెట్టు కరెంటు ఆదా చేసేదెక్కడ? సూత్రం లెక్క తప్పలేదు. తనే తప్పింది. ఫ్యాను కూడా లేని ఇంట్లో, ఆ నీడ ఒక్కటే దిక్కుగా పెరిగిన మనిషి, ఆ నీడకు వెల కట్టేటప్పుడు తన ఇల్లే మరిచిపోయింది.

ఉన్న ఫళంగా ఉప కమిషనర్ శేషగిరిరావు దగ్గరికి పరిగెత్తింది. ఆయన చెడ్డవాడేం కాదు. ఆఫీసు కిటికీలో పిచ్చుకలకు నూకలు పోసే మనిషి.

"సూత్రం తప్పండీ. ఏసీ లేని ఇళ్ల సంగతి నేను అసలు ఆలోచించలేదు. వెంటనే మార్చాలి."

"మార్చొచ్చు డాక్టరుగారూ. వచ్చే బడ్జెట్ సమావేశంలో పెడదాం."

"అది మార్చి నెలలో కదండీ! చెట్లు సోమవారం కొట్టేస్తారు."

"నేనేం చెయ్యనమ్మా? ఈ సూత్రాన్ని ఎవరూ మధ్యలో కదపకూడదని పట్టుబట్టి నిబంధన పెట్టించింది మీరే. రాజకీయాలకు లొంగకూడదన్నారు. అప్పుడు నేను చప్పట్లు కూడా కొట్టాను." ఆయన కాగితాలు తిరగేశాడు. "శుక్ర, శని, ఆదివారాల సగటు తీసి, ఆదివారం సాయంత్రం ఆరింటికి కొట్టాల్సిన చెట్ల జాబితా మూస్తారు. అప్పటికి చెట్టుకు ముప్పై రూపాయలు దాటితే ఏడాదిదాకా ఎవడూ ముట్టుకోడు. దాటకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు."

మెట్లు దిగుతుంటే ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. పిచ్చి ఆలోచన అని తెలుసు. అయినా అది తప్ప ఇంకోటి లేదు. సూత్రానికి కావాల్సింది ఏసీలు. మూడు రోజులు గట్టు మీద ఏసీలు తిరిగితే చాలు.

పాత ఏసీలు బాగుచేసి అమ్మేవాళ్ల కొట్లన్నీ గురువారం ఒక్కరోజులో చుట్టేసింది. చేతి బంగారు గాజులు తీసి ఇచ్చి ఇరవై రెండు అద్దెకు తెచ్చింది. వాటిని మినీ లారీలో గట్టు మీదికి దింపుతుంటే జనం పెళ్లి చూసినట్టు చూశారు.

"చెట్లు కాపాడతానని చల్లమిషన్లు తెచ్చావేంటే? చదువెక్కువై మతి పోయిందా నీకు?" అంది నాగరత్నం.

భ్రమరాంబ వివరంగా చెప్పింది. అక్క బుగ్గన చెయ్యి పెట్టుకుని అంతా విని, "అంటే, మాకు ఉక్కపోత్తంటే చెట్టుకి ఇలవ లేదు, మేం చల్లగా పడుకుంటే ఉందన్నమాట. నువ్వేనా ఈ లెక్క రాసింది?" అని అడిగింది.

"నేనేనక్కా."

అక్క తిడుతుందేమో అనుకుంది భ్రమరాంబ. తిడితే బాగుండేది కూడా.

"సర్లే, నువ్వు చెప్పినట్టే చేద్దాం" అంది నాగరత్నం. బావ ఏడుకొండలును కేకేసి, "ఏమయ్యా, ఆ గోడకి బెజ్జం కొట్టు" అంది.

శుక్రవారం ఇరవై రెండు ఏసీలూ ఒకేసారి గుర్రుమన్నాయి. రేకుల ఇళ్లలో పిల్లలు దుప్పట్లు కప్పుకుని ఆడుకున్నారు. ఒక ముసలాయన చలేస్తోందని బయటికొచ్చి కూర్చున్నాడు. రెండుసార్లు ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను బతిమాలి వేయించారు. సాయంత్రానికి సగటు విలువ ఇరవై నాలుగు. శనివారం ముప్పై ఏడు. ఆదివారం ఇరవై తొమ్మిది దాటితే చాలు, చెట్లు బతుకుతాయి. గట్టు మీద అందరూ వచ్చి అంకె ఎంతయిందని అడిగి వెళ్లడం మొదలుపెట్టారు, క్రికెట్ స్కోరు అడిగినట్టు.

అయితే ఏసీ ఇంట్లోంచి లాగేసిన వేడి ఎక్కడికో పోదు. బయటికే వస్తుంది. గట్టు మీద సందు నాలుగు గజాల వెడల్పు. ఇరవై రెండు పెట్టెలూ ఆ సందులోకే, చెట్ల మొదళ్ల మీదికే వేడిగాలి ఊదుతున్నాయి. నాగరత్నం బండి ఉన్నదీ అక్కడే. ఆదివారం సాయంత్రం కల్యాణమండపానికి మూడు వందల కుర్చీ తొడుగులు ఇస్త్రీ చేసి ఇవ్వాలి. బొగ్గుల పెట్టె ఇంట్లోకి పట్టుకెళితే, తలుపులేసిన గదిలో పొగకు ఊపిరాడదు.

"ఇవాళ్టికి మానెయ్యరాదా అక్కా?" అంది భ్రమరాంబ ఆదివారం పొద్దున.

"ఒప్పుకున్న పని కదంటే. సీజను దాటితే మళ్లీ దసరాదాకా ఎవడు పిలుత్తాడు?"

భ్రమరాంబ అంతకంటే గట్టిగా చెప్పలేదు. ఆ తరవాత జీవితమంతా ఆమె ఈ ఒక్క సంగతి తలుచుకుంటూనే ఉంది. గట్టిగా చెప్పాల్సింది.

పదకొండు దాటేసరికి నలభై ఆరు డిగ్రీలు. భ్రమరాంబ అక్క ఇంట్లో, ఏసీ కింద, ఒళ్లో తెర పెట్టుకుని కూర్చుంది. ఉదయం చకచకా పెరిగిన అంకె పన్నెండు తరవాత నత్తనడక నడిచింది. పద్దెనిమిది. పద్దెనిమిదిన్నర. ఎందుకో అర్థం కాక కిటికీలోంచి చూసింది. సాయంత్రం చీకటి పడ్డాక ముడుచుకోవాల్సిన నిద్రగన్నేరు ఆకులు మిట్టమధ్యాహ్నం ముడుచుకున్నాయి. నాడి పరికరాల అంకెలు చూస్తే చెట్లన్నీ నీళ్లు తాగడం తగ్గించేశాయి. వేడిగాలికి తట్టుకోలేక, ఆవిరి వదిలే ఆకుల సన్నటి నోళ్లు మూసుకున్నాయి. నోరు మూసిన చెట్టు చల్లదనం ఇవ్వదు. కింద ఉన్నది ఇప్పుడు నీడ మాత్రమే, చల్లదనం లేని వట్టి నీడ.

నాగరత్నం గుమ్మం దగ్గరికి వచ్చింది. చీర కొంగు తడిపి నెత్తిన వేసుకుంది. మొహం కందిపోయి ఉంది.

"భ్రమరా, చెట్టు వాలిపోతందే. చూడలేకపోతన్నాను. ఓ రెండు గంటలు ఆ మిషన్లు ఆపించు. దానికి కాత్త ఊపిరాడుద్ది, నాకూ ఆడుద్ది."

ఆమె చెప్పింది అక్షరాలా సరైన మాట. రెండు గంటలు ఆపితే చెట్లు తేరుకుంటాయి. డాక్టరేటు చేసిన భ్రమరాంబకు అది తెలియక కాదు. కానీ రెండు గంటల లెక్క పోతుంది. ఇరవై తొమ్మిది దాటదు. సోమవారం పొద్దున్న రంపాలు వస్తాయి.

"ఇంకొక్క పూట అక్కా. ఆరింటిదాకా ఓర్చుకో. ఆరవగానే నేనే ఆపించేస్తాను. ఇప్పుడాపితే మూడు రోజులు చేసిందంతా గంగలో కలుస్తుంది."

"అంతేనంటావా?"

"అంతేనక్కా."

"సరే అయితే" అని కుండలో నీళ్లు రెండు గ్లాసులు తాగి, నాగరత్నం మళ్లీ సందులోకి వెళ్లింది. భ్రమరాంబ మళ్లీ తెర చూసుకుంది. ఇంటింటికీ వెళ్లి ఎవరూ ఆపొద్దని చెప్పి రమ్మని బావను పంపింది కూడా.

రెండున్నరకు అక్క కూతురు పావని వచ్చింది. నర్సింగు మూడో ఏడు, ఆదివారం కూడా ఆస్పత్రి డ్యూటీ. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, "అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావే?" అన్న ఆమె గొంతు లోపలికి వినిపించింది. ఆ వెంటనే, "నాన్నా! పిన్నీ! రండి!" అన్న కేక.

నాగరత్నం బండికి ఆనుకుని నిలబడి, ఎదురుగా ఎవరూ లేకపోయినా, "కట్ట యాభై చొప్పున కట్టానండీ, లెక్క చూసుకోండి" అంటోంది. ఒంటి మీద చెమట చుక్క లేదు. చెయ్యి పట్టుకుంటే కాలింది. ఇస్త్రీ పెట్టె కింద తెల్ల తొడుగు మాడి పొగ వస్తోంది. ఏడుకొండలు పట్టుకునేలోపే ఆమె మోకాళ్ల మీద కూలిపోయింది. పావని థర్మామీటరు పెట్టి చూసి నూటఏడు అంది. నీళ్లు కుమ్మరించారు, ఎదురింట్లోంచి ఐసు తెచ్చి చంకల్లో పెట్టారు, ఆటోలో పడుకోబెట్టారు. ఏసీలు ఆపమని ఎవరికీ తోచలేదు. గుర్రుమంటూనే ఉన్నాయి.

నాలుగూ నలభైకి ఆస్పత్రిలో నాగరత్నం పోయింది. చెల్లెలిని గుర్తుపట్టలేదు. ఒక్క మాటా అనలేదు.

ఏడుకొండలు గోడవారన కూలబడి తలకాయ కొట్టుకున్నాడు. భ్రమరాంబకు ఏడుపు రాలేదు. ఆరు దాటాక ఫోన్ మోగితే తీసింది, ఎందుకు తీసిందో తెలియదు. శేషగిరిరావు.

"డాక్టరుగారూ, శుభవార్త! ఎండ వాలాక అంకె మళ్లీ పరుగెత్తింది. ముప్పై రూపాయల నలభై పైసలు. గట్టు నిలబడింది! ఇంకో రెండు పట్టణాలవాళ్లు మీ సూత్రం తీసుకుంటామని అడుగుతున్నారు. పేదల చెట్లను కూడా కాపాడింది చూడండి అని ఈ గట్టునే చూపిస్తాను."

"మా అక్క పోయింది" అంది భ్రమరాంబ.

ఆయన ఎలా జరిగిందో అడిగాడు. చెప్పింది. ఆయన గొంతు తగ్గించి, "అమ్మా, ఈ సమయంలో చెప్పకూడదు, కానీ చెప్పకపోతే పొద్దున్న మీరే నన్ను తిట్టుకుంటారు. చెట్టు పరిధిలో వడదెబ్బ చావు నమోదైతే ఆ చెట్టు చల్లదనం లెక్క నమ్మదగింది కాదని కొట్టెయ్యాలి. నిబంధన అలా ఉంది. కొట్టేస్తే గట్టు మళ్లీ జాబితాలోకి వెళుతుంది. ఆస్పత్రి కాగితంలో ఏం రాస్తారో... నేను చెప్పానని కాదు" అన్నాడు.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చాడు. "తీసుకొచ్చింది ఎవరండీ? వడదెబ్బేనా? ఇక్కడికి వచ్చేసరికి ఐసు పెట్టి ఉండటంవల్ల మాకు అంత జ్వరం కనిపించలేదు. ఛాతీలో నొప్పేమైనా అందా?"

భ్రమరాంబ పావనిని పక్కకు తీసుకెళ్లింది. చెప్పకూడని మాటను ఎలా చెప్పిందో ఆమెకే గుర్తులేదు. చెప్పడం మాత్రం చెప్పింది. చెట్లు, నిబంధన, సోమవారం రంపాలు, వడదెబ్బ అనకూడదన్న ఆ ఒక్క మాట.

పావని కళ్లు తుడుచుకోవడం ఆపి విన్నది.

"నూటఏడు పిన్నీ. నా చేత్తో చూశాను."

"తెలుసమ్మా."

"అమ్మ ఎండకు చచ్చిపోయింది. గుండెకేం కాలేదు. అమ్మ గుండె గుర్రంలా ఉండేది."

"తెలుసు. నీ కాళ్లు పట్టుకుంటాను పావనీ. అమ్మ ఆ చెట్ల కోసమే..."

"చెట్ల కోసం కాదు" అంది పావని. అరవలేదు, మామూలుగానే అంది. "నువ్వు చెప్పావని. ఆపమని అడిగితే ఓర్చుకోమన్నావంట కదా, నాన్న చెప్పాడు. ఇంకెవరు చెప్పినా బకెట్ నీళ్లు మొహాన కొట్టి మిషన్లు పీకేసేది. నువ్వు చెప్పావని ఊరుకుంది."

వరండాలో డాక్టరు కాగితం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"గట్టు మీద యాభై ఇళ్లున్నాయి" అంది పావని తనలో తాను అనుకుంటున్నట్టు. "చెట్లు పోతే వచ్చే వేసవికి ఎంతమందిని మోసుకురావాలో ఇక్కడికి. నేనే మొయ్యాలి." చున్నీతో మొహం గట్టిగా తుడుచుకుని డాక్టరు దగ్గరికి నడిచింది. "పొద్దుట్నించి ఎడమవైపు నొప్పిగా ఉందని అందండీ. గుండెపోటే" అంది. అతను రాసుకున్నాడు. చూపించిన చోట పావని సంతకం పెట్టింది.

తిరిగి వచ్చి భ్రమరాంబ ఎదురుగా నిలబడింది.

"నువ్వు అడిగింది చేశాను. ఇప్పుడు నేనడిగింది చెయ్యి. అమ్మని రేపు గట్టు మీదనుంచే తీసుకెళతాం. నువ్వు రావొద్దు. రేపే కాదు, ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కొద్దు."

"పావనీ..."

"వెళ్లు పిన్నీ."

ఏడుకొండలు తల ఎత్తి మరదలి వైపు ఒకసారి చూశాడు, మళ్లీ దించేసుకున్నాడు. ఆపలేదు.

సోమవారం రంపాలు రాలేదు. పది గంటలకు పడమటి గట్టు మీద డప్పులు మోగాయి. నలభై ఒక్క చెట్ల కింద నుంచి, నీడలోనే, నాగరత్నాన్ని మోసుకెళ్లారు. భ్రమరాంబ కాలవకు ఇవతల, తూర్పు గట్టున, గొడుగు కూడా లేకుండా ఎండలో నిలబడి చూసింది. అవతల ఆమెను చూసినవాళ్లు ఉన్నారు. రమ్మని ఎవరూ పిలవలేదు.